మంచు చూరు మీద పులిహోర తగాదా

ఎర్ర జాకెట్ వేసుకుని కొండ మీద డ్యూటీ ఎక్కిన మొదటి రోజున, మా స్ట్రెచర్ బండిలో కట్టి కిందికి దించిన మొదటి క్షతగాత్రుణ్ణి నేనే. లిఫ్ట్ దిగే చోట నా స్కీ ఒకటి రెండో స్కీ మీదికి ఎక్కింది. నేను పడ్డాను. వెనక వస్తున్న స్కూలు పిల్లలు నలుగురు నా మీద పడ్డారు. పిల్లలు నవ్వుకుంటూ లేచి, మంచు దులుపుకుని జారుకుంటూ వెళ్ళిపోయారు. నేను మడమ పట్టుకుని అక్కడే కూర్చున్నాను. జనాన్ని కాపాడమని జీతమిచ్చి పెట్టుకున్న మనిషిని ఇద్దరు సహోద్యోగులు మూటలా కట్టి దించుతుంటే, దారి పొడుగునా జనం వీడియోలు తీశారు. కింద కేఫ్‌లో ఒక ముసలావిడ జాలిపడి వేడి చాక్లెట్ కొనిచ్చి, "మొదటిసారి స్కీయింగా, నాయనా?" అని అడిగింది. ఔనన్నాను. జాకెట్ అప్పటికే తిరగేసి వేసుకున్నాను.

అలా మొదలైన ఉద్యోగం పద్నాలుగు చలికాలాలు చేశాను. స్కాట్లండ్‌లో ఒక స్కీ కొండ మీద పాట్రోలర్‌ని. ఇప్పుడు రిటైరై లీడ్స్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. వారాంతం వచ్చిందంటే ఇక్కడ ఎమ్మెస్సీ చదివే పిల్లలు, ఆఫీసుల్లో పనిచేసే పిల్లలు మినీబస్సు మాట్లాడుకుని స్నో చూడ్డానికి పైకి పోతుంటారు. పోయేముందు నా దగ్గరికొచ్చి, "అంకుల్, ఏ జాకెట్ కొనాలి? ఏ బూట్లు మంచివి?" అని అడుగుతారు. బూట్ల సంగతి షాపువాడు చెబుతాడు. నేను తాడు సంగతి చెబుతాను. ఆ తాడు సంగతే ఇది.

ముందు నా అర్హతలు. చదువు ఎనిమిదో తరగతి. తొమ్మిదిలోకి పంపించామని మేష్టారు రిజిస్టర్లో రాసుకున్నారు గానీ, నేను మాత్రం వెళ్ళలేదు. పాలకొల్లులో హోటల్లో గరిటె పట్టి, ఆ గరిటె చలవతోనే లండన్ పక్కన హేస్‌లో ఒక రెస్టారెంట్ వంటింటికి వచ్చాను. అక్కణ్ణుంచి ఉత్తరాన ఒక చిన్న ఊళ్ళో టేక్‌అవేకి, అక్కణ్ణుంచి కొండ కింద కేఫ్‌కి. గిన్నెలు కడిగే చోట కిటికీ ఉండేది. అందులోంచి జనం జారడం చూసి చూసి, మధ్యాహ్నం రెండు దాటాక నేనూ అద్దె స్కీలు కట్టుకునేవాణ్ణి. రెండేళ్ళకి లిఫ్ట్ దగ్గర నిలబెట్టారు. ఇంకో మూడేళ్ళకి, రాయక్కర్లేకుండా చేసి చూపించే ఫస్ట్ ఎయిడ్ పరీక్ష రెండో దండయాత్రలో పాసై పాట్రోల్‌లోకి వచ్చాను. "పొయ్యి దగ్గర ఉండాల్సిన మనిషి మంచులో ఏం చేస్తారండీ?" అంది ఫోన్‌లో మా ఆవిడ. "ఫ్రిజ్‌లో పెడితే నాలుగు రోజులు ఎక్కువ నిలవుంటాననే" అన్నాను.

పాట్రోలర్ అంటే హెలికాప్టర్‌కి వేలాడే మనిషి అనుకోకండి. జనం రాకముందే పైకి వెళ్ళి, రాత్రి గాలి ఏం చేసిపోయిందో చూడాలి. మంచు కింద వాగు ఎక్కడ నోరు తెరిచిందో వెతికి, చుట్టూ వెదురు కర్రలు పాతి తాడు కట్టాలి. పగలంతా మోకాళ్ళు, మణికట్లు, భుజాలు. సాయంత్రం లిఫ్ట్ ఆగాక, పైనుంచి కిందిదాకా కొండంతా ఊడ్చినట్టు చూసుకుంటూ దిగాలి, ఎవరూ వెనక మిగిలిపోకుండా.

మా పెద్ద ఒక ఆడమనిషి. యాభై దాటిన వయసు, నాకంటే అడుగు ఎత్తు, రోజుకి నలభై మాటలకి మించి మాట్లాడదు. నేను బాస్ అనేవాణ్ణి. ఆవిడ కింద నాతోపాటు పనిచేసిన వాళ్ళలో ముఖ్యుడు ఒక భారీకాయుడు. వేసవిలో గొర్రెలు పెంచుకుంటాడు, చలికాలం మాతో ఉంటాడు. మనసులో ఆయన్ని గొర్రెలాయన అనుకునేవాణ్ణి. నా రిపోర్టులన్నీ ఆయనే రాసిపెట్టేవాడు. నేను నోటితో చెప్పేది ఆయన కాగితం మీద పెట్టేవాడు, బదులుగా నేను ఆయనకి కోడికూర వండిపెట్టేవాణ్ణి.

బాస్‌కి ఒకే ఒక్క చాదస్తం. తాడు. ఒకసారి కట్టిన తాడుని మేమైనా సరే విప్పకూడదు. దాని కింద దూరి అవతలికి వెళ్ళాలంటే రేడియోలో చెప్పి వెళ్ళాలి, తిరిగొచ్చాక మళ్ళీ చెప్పాలి. "తాడు అవతల ఎంతమంది ఉన్నారో నాకు ఎప్పుడూ తెలియాలి. సున్నా అంటే నేను టీ తాగుతాను" అనేది. నలభై మాటల్లో ఇరవై ఇవే.

ఆ రోజు మార్చి నెల. అంతకుముందు రెండు రోజులు గాలి ఒకటే పోటు, లిఫ్టులు కట్టేశారు. మూడోరోజు తెల్లారేసరికి ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. అలాంటి రోజునే మాకు గుండె దడ. ఎందుకంటే గాలి ఊరికే పోదు. కొండ నెత్తిన మంచుని తోసి తోసి, అంచు దాటించి, ఇంటికి చూరులాగా బయటికి కట్టిపోతుంది. ఇంగ్లీషులో కార్నిస్ అంటారు. నేను మంచు చూరు అంటాను. పైనుంచి చూస్తే చదునైన తెల్లటి నేల. దాని కింద ఏమీ ఉండదు, రెండు తాటిచెట్ల లోతు గాలి తప్ప. నేల ఎక్కడ అయిపోయిందో, చూరు ఎక్కడ మొదలైందో దాని మీద నిలబడ్డవాడికి తెలియదు.

పొద్దున్నే బాస్ నాతో అంచుకి పదిహేను అడుగులు ఇవతల తాడు కట్టించింది. చూసి, "ఇంకో పది అడుగులు లోపలికి" అంది. మళ్ళీ కర్రలన్నీ పీకి, మళ్ళీ పాతి, మళ్ళీ కట్టాను. తిట్టుకున్నాను, తెలుగులో.

మధ్యాహ్నం పన్నెండున్నరకి పైన గుడిసె దగ్గర నేనొక్కణ్ణే డ్యూటీలో ఉన్నాను. స్కీ రానివాళ్ళు కూడా చెయిర్‌లిఫ్ట్‌లో పైకొచ్చి, చుట్టూ చూసి, అదే లిఫ్ట్‌లో దిగిపోవచ్చు. అలా దిగిన గుంపులోంచి ఒక గొంతు వినబడింది.

"ఒసే, నల్ల కళ్ళజోడు పెట్టుకోవే, కళ్ళు పోతాయి!"

రెండు నెలలుగా ఫోన్‌లో తప్ప తెలుగు వినలేదు నేను. జారుకుంటూ వెళ్ళి వాళ్ళ ముందు ఆగాను. ముగ్గురు. చీర మీద అల్లుడి జాకెట్ వేసుకున్న ఒక పెద్దావిడ, ఆవిడ కూతురు, అల్లుడు. పిల్లలిద్దరూ లండన్ దగ్గర బ్రాక్‌నెల్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు. పెద్దావిడ చూడ్డానికొచ్చి నెలైంది.

"మనవాళ్ళేనాండీ?" అన్నాను.

పెద్దావిడ నన్ను బూట్లనుంచి హెల్మెట్‌దాకా చూసింది. "నువ్వు మనవాడివేనా? ఈ ముసుగుల్లో అందరూ ఒకేలా ఏడుస్తున్నారు. ఏ ఊరు తమ్ముడూ?"

"పాలకొల్లండి."

"మాది తుని. ఇక్కడేం చేస్తుంటావు?"

"పడిపోయినవాళ్ళని లేపుతుంటానండి."

"దానికి జీతం కూడా ఇస్తారా?"

"లేపితేనే ఇస్తారండి."

ఆవిడ నవ్వి, చేతిసంచీలోంచి స్టీలు డబ్బా తీసింది. మూత తీయగానే ఇంగువ వాసన. కొండ నెత్తిన, అంత చలిలో, ఇంగువ! పులిహోర. పక్కన చిన్న సీసాలో మాగాయ. నేను వద్దనలేదు. వద్దనే మనిషిలా కనబడదామని కూడా ప్రయత్నించలేదు. గుడిసె గోడకి ఆనుకుని, గ్లవుజులు తీసేసి చేత్తో తిన్నాను. రెండోసారి వడ్డించుకున్నాను. అమ్మాయి నా ఎర్ర జాకెట్‌తో సెల్ఫీ తీసుకుంది. అల్లుడు కొండ గురించి ప్రశ్నలు అడిగాడు. ఆ కొండని నేనే కట్టించినట్టు జవాబులు చెప్పాను.

అప్పుడు అమ్మాయి అడిగింది. "అంకుల్, ఆ తాడు ఫొటోలో అడ్డం వస్తోంది. రెండు నిమిషాలు తీయరా? ప్లీజ్."

ఇక్కడ నేను ఏం చెప్పాలో మీకు తెలుసు. నాకూ తెలుసు. కానీ నోట్లో మాగాయ రుచి ఉంది, పక్కన నన్ను తమ్ముడూ అన్న ఆవిడ ఉంది. ఇన్నేళ్ళలో మొదటిసారి మనవాళ్ళ ముందు నేనొక అధికారిని. "దానిదేముందమ్మా, మన కొండేగా" అన్నాను. వెళ్ళి ఒక కర్రనుంచి తాడు ఊడదీశాను. అయిదడుగులు అవతల స్కీ కర్రతో మంచులో గీత గీసి, "ఇది దాటొద్దు, సరేనా?" అన్నాను. రేడియోలో చెప్పలేదు. రెండు నిమిషాలకి చెప్పడమేమిటి అనుకున్నాను. చెబితే బాస్ టీ మానేసి పైకొస్తుందని కూడా అనుకున్నాను.

ఒక ఫొటో అయింది, రెండోది అవుతోంది, రేడియో మోగింది. కింద ఎర్ర రన్ అనే జారుడు దారి మలుపులో ఒకాయనకి మోకాలు దెబ్బ, అందరిలో దగ్గర నేనే. వెళ్ళక తప్పదు. అల్లుణ్ణి పిలిచి, "బాబూ, ఫొటోలయ్యాక ఈ తాడు ఇలా కర్రకి తగిలించేయండి" అన్నాను. "ష్యూర్ అంకుల్" అన్నాడు. నా పని ఇంకొకరికి అప్పజెప్పి జారుకుంటూ వెళ్ళిపోయాను.

తర్వాత జరిగింది నేను చూడలేదు, వాళ్ళు చెప్పగా తెలిసింది. పెద్దావిడకి చలేసింది. అల్లుడు ఆవిణ్ణి చెయ్యిపట్టుకుని గుడిసెలోకి తీసుకెళ్ళాలి. అమ్మాయి, "మీరు వెళ్ళండి, అక్కకి వీడియో కాల్ చేసి ఒక్క నిమిషంలో వస్తా" అంది. అల్లుడు చాలా బాధ్యత గల మనిషి. అంకుల్ చెప్పారు కదాని, వెళ్తూ వెళ్తూ తాడు జాగ్రత్తగా కర్రకి తగిలించి వెళ్ళాడు. పెళ్ళాం అవతలే ఉంది!

చూసేవాళ్ళకి తాడు ఉంది, అంతా సవ్యంగా ఉంది. ఇంతలో పడమటి నుంచి మబ్బు ఎక్కింది. అక్కడ మబ్బు నడిచి రాదు, దుప్పటి కప్పినట్టు పడుతుంది. అయిదు నిమిషాల్లో నేలా తెలుపే, ఆకాశమూ తెలుపే. చెయ్యి చాపితే వేళ్ళు కనబడవు.

నేను అప్పటికి మోకాలాయనకి కట్టు కట్టి, స్ట్రెచర్ బండిలో వచ్చిన జట్టుకి అప్పజెబుతున్నాను. రేడియోలో బాస్ గొంతు. "శిఖరం దగ్గర ఒకాయన తన భార్య తాడు అవతల ఉందంటున్నాడు. పాట్రోలర్ ఒకరు పంపించారంటున్నాడు. ఎవరు?"

కొండ మీద అందరూ వింటున్నారు. అబద్ధం చెప్పడంలో నాకు చిన్నప్పటి నుంచి మంచి పేరుంది. ఆ నాలుగు క్షణాల్లో కనీసం మూడు అబద్ధాలు తయారయ్యాయి. వాళ్ళే దూరారు. గాలికి ఊడింది. భాష తెలియక ఏదో అంటున్నాడు. మూడోదైతే చక్కగా నప్పేది కూడా. కానీ ఆ అబద్ధం చెబితే, ఆ అమ్మాయి ఎక్కడ నిలబడి ఉందో బాస్‌కి చెప్పే మనిషి ఉండడు.

"నేనే" అన్నాను. "తాడు నేనే తీశాను. రెండో కర్ర దగ్గర. అయిదడుగుల్లో గీత గీశాను. అవతల ఒక్కరే."

"పైకి రా" అంది బాస్. అంతే. వెంటనే ఇంకెవరికో, కింద లోయలోకి ఎవరూ పోకుండా దారి మూసేయమని చెప్పడం వినబడింది. ఎందుకు మూయిస్తోందో నాకు తెలుసు. చూరు విరిగితే పడేది అక్కడే.

చెయిర్‌లిఫ్ట్‌లో పైకి పోవడానికి పట్టిన ఆరు నిమిషాలు నా ఉద్యోగంలోకెల్లా పెద్ద నిమిషాలు. పైకి చేరేసరికి గొర్రెలాయన రెండు స్కీలని మంచులో అడ్డంగా, లోతుగా పాతి, వాటికి తాళ్ళు బిగించి, కాళ్ళు తన్నిపెట్టి కూర్చున్నాడు. బాస్ బోర్లా పడుకుని ఉంది. గుడిసె గుమ్మంలో ఒక పాట్రోలర్ అల్లుణ్ణి రెండు చేతులా పట్టుకుని ఆపుతున్నాడు. అల్లుడు, "పరిగెత్తుకొచ్చెయ్! ఇటు! ఇటు!" అని అరుస్తున్నాడు. గాలికి ఆ మాట ఎటు నుంచి వస్తోందో నాకే తెలియలేదు. ఆ అమ్మాయికీ తెలియలేదు. మొగుడి గొంతు వైపు వస్తున్నాననుకుని అంచు వైపు నడిచిందట. నడుస్తుంటే వెనక దబ్బుమని చప్పుడై మంచు చీలింది. అప్పుడు కూలబడింది. అదే మంచిపని చేసింది.

బాస్ పక్కన పడుకుని చూశాను. మబ్బు కాస్త పలచబడినప్పుడు కనబడింది. నా గీత దాటి చాలా దూరం, మోకాళ్ళు కావలించుకుని, కళ్ళు మూసుకుని ఒక పసుపు జాకెట్. మాకూ తనకీ మధ్య అరచెయ్యి పట్టేంత పగులు. లోపల నీలంగా ఉంది.

"ఉచ్చు వేసిన తాడు రెండుసార్లు విసిరాను. ఒళ్ళో పడ్డట్టే పడింది. చెయ్యి ఎత్తదు. నేను చెప్పేది ఎక్కడం లేదు" అంది బాస్. నా వైపు తిరిగింది. "మనందరిలో తేలికైనవాడివి నువ్వు. భాష వచ్చినవాడివీ నువ్వే."

తిట్టలేదు. తిడితే బాగుండేది.

నా నడుముకి తాడు కట్టారు. పొట్ట మీద పాకడం మొదలెట్టాను. పగులు దాటేటప్పుడు ఊపిరి తీయలేదు, ఊపిరికి కూడా బరువుంటుందేమోనని. తనకి మూడు బారల దూరంలో ఆగాను. అంతకంటే దగ్గరికి పోతే ఇద్దరి బరువూ ఒకేచోట పడుతుంది.

"అమ్మా, నేను. అంకుల్‌ని."

"సారీ అంకుల్. సారీ. గీత దాటేశాను. కనబళ్ళేదు."

"సారీలు తర్వాత. నీ పక్కనున్న తాడు తల మీంచి వేసుకుని పొట్ట మీద పడుకో."

"కదిలితే పడిపోతాను."

"పడవు. మెల్లగా."

"నా వల్ల కాదు అంకుల్."

బతిమాలాను. గట్టిగా చెప్పాను. దేవుళ్ళ పేర్లు చెప్పాను. పళ్ళు టకటకలాడుతున్నాయి తప్ప తను కదల్లేదు. మంచు కింద ఎక్కడో కిర్రుమంది. నాకు తెలిసిన విద్యలన్నీ అయిపోయాయి. అన్నీ అయిపోయినప్పుడు నా నోట్లోంచి వచ్చేది ఒక్కటే. వేళాకోళం.

"ఒక మాట చెప్పనామ్మా? మీ అమ్మగారి పులిహోరలో ఉప్పు తక్కువైంది."

ఒక కన్ను తెరుచుకుంది. "ఏంటి?"

"ఉప్పు. పులుపు కూడా ఓ పిసరు ఎక్కువే. పెద్దావిడ కదా, చెయ్యి అటూ ఇటూ అయ్యుంటుంది."

"అమ్మ చెయ్యలేదు. నేను చేశా."

"ఊరుకో. నువ్వేం చేస్తావు, ప్యాకెట్టు పొడి కలిపుంటావు."

రెండో కన్నూ తెరుచుకుంది. "ప్యాకెట్టా! చింతపండు నానబెట్టి, పులుసు ఉడకబెట్టి, పొద్దున్నే లేచి పోపు వేశా అంకుల్! అందరూ అమ్మే చేసిందనుకుంటారు!"

"నాకు సగం వినబడటం లేదు, గాలి. ఆ తాడు వేసుకుని చెప్పు."

తాడు తలమీంచి వేసుకుంది. "ఉప్పు సరిపోయింది."

"చంకల కిందికి దించు. సరిపోలేదు."

"దించా. సరిపోయింది. మీరు రెండుసార్లు వడ్డించుకున్నారు!"

"మొహమాటానికి వడ్డించుకున్నాను. ఇప్పుడు పొట్ట మీద పడుకుని ఇటు పాక్కుంటూ వచ్చి చెప్పు, చూద్దాం."

"మొహమాటమా? డబ్బా అంచు నాకారు!" అంటూ బోర్లా పడుకుంది. పాకింది. ఒక్కో జానెడు పాకుతూ నన్ను కడిగేసింది. వేరుశనగలు ఎన్ని వేసిందో, ఇంగువ ఎక్కణ్ణుంచి తెప్పించిందో, నాలాంటి మొగాళ్ళకి వండిపెట్టడం ఎంత దండగో అన్నీ చెప్పింది. నేను ప్రతిదానికీ ఎదురు చెప్పాను. వెనక బాస్ చప్పుడు కాకుండా తాడు లాక్కుంటోంది. అమ్మాయి నా పక్కనుంచి పోయింది. పగులు దాటింది. బాస్ జాకెట్ కాలర్ పట్టుకుని ఒక్క గుంజు గుంజింది.

"వచ్చేసింది!" అని గొర్రెలాయన కేక.

హమ్మయ్య అని నేను వెనక్కి తిరగబోయాను. అప్పుడు విరిగింది.

చప్పుడు పెద్దగా రాలేదు. పెద్ద జంతువు నిట్టూర్చినట్టు అంతే. నా కింద నేల మర్యాదగా పక్కకి తప్పుకుంది. తాడు నడుముని రెండు ముక్కలు చేసినంత పని చేసింది, మరుక్షణం మంచుగోడకి మొహం తగిలించి వేలాడుతున్నాను. కింద ఇంటంత ముక్కలు లోయలోకి దొర్లుతున్న మోత చాలాసేపు వినబడింది.

ఛాతీ మీద రేడియో మోగింది. బాస్. "నీ పరిస్థితి చెప్పు."

"వేలాడుతున్నాను."

"ఎంతసేపు ఉండగలవు?"

"అది మీ చేతిలో ఉంది."

లాగారు. గొర్రెలాయన, బాస్, చివరికి గుమ్మంలోంచి విడిపించుకొచ్చిన అల్లుడు కూడా. అంచు మీదికి రాగానే గొర్రెలాయన నా బెల్టు పట్టుకుని లాగి పడేసి, "బురదలో దిగబడ్డ గొర్రెపిల్ల నీకంటే బరువుంటుంది" అన్నాడు. బెల్టు మాత్రం వదల్లేదు. నాకు పిచ్చి నవ్వు వచ్చింది. ఆగలేదు. బతికుండటం అంత సరదాగా ఉంటుందని అప్పటిదాకా నాకు తెలియదు.

గుడిసెలో పెద్దావిడ కూతుర్ని కావలించుకుని ఏడ్చి, వీపు మీద రెండు దెబ్బలు వేసి, మళ్ళీ కావలించుకుంది. అల్లుణ్ణి ఏమీ అనలేదు, అల్లుడు కదా. అతను మాత్రం గోడకేసి చూస్తూ, "తాడు కట్టేశాను అంకుల్, మీరు చెప్పారని కట్టేశాను" అని అదే మాట పదిసార్లు అన్నాడు. "తప్పు మీది కాదు బాబూ" అన్నాను. పెద్దావిడ నా దగ్గరికొచ్చింది. చేతులు పట్టుకుంటుందేమో, ఇంత కథ నడిపాను కదా అనుకున్నాను.

"అది అడిగింది సరే తమ్ముడూ, దానికి కొండ కొత్త. నువ్వెందుకు తీశావు?"

బయటికెళ్ళి తాడు మళ్ళీ కట్టాను, ఈసారి ఇంకా లోపలికి.

సాయంత్రం మా గదిలో గొర్రెలాయన అలవాటుగా రిపోర్టు కాగితం లాక్కుని పెన్ను తీశాడు. బాస్ ఆ కాగితం తీసి నా ముందు పెట్టింది. "నువ్వు రాయి. నీ చేత్తో." ఇంగ్లీషులో సంతకం తప్ప రాయడం ఎరగనివాణ్ణి, గంటన్నర కూర్చున్నాను. తాడు దిగింది అని రాశాను. బాస్ చదివి, "దానంతటదే దిగిందా?" అంది. కొట్టేశాను. తాడు దించబడింది అని రాసుకోవచ్చని గొర్రెలాయన కళ్ళతో సైగ చేశాడు. చదువుకున్నవాళ్ళ దగ్గర ఇలాంటి సౌకర్యాలు చాలా ఉంటాయి. బాస్ అటే చూస్తోంది. చివరికి మూడో కాగితం మీద నాకొచ్చిన ఇంగ్లీషులో, వంకర అక్షరాలతో ఇంత రాశాను: నేను తాడు తీశాను. ఎవరికీ చెప్పలేదు. నా పని ఇంకొకరికి ఇచ్చి వెళ్ళాను. ఆవిడ చదివి ఫైల్లో పెట్టింది. పాట్రోల్ డ్యూటీ చార్టులో నా పేరు కొట్టేసి, సీజన్ అయ్యేదాకా లిఫ్ట్ దగ్గర మంచు ఎత్తే పార పని వేసింది. ఎర్ర జాకెట్ కొక్కేనికి తగిలించి, పార పట్టుకున్నాను. పారతో వంగినప్పుడల్లా లిఫ్ట్ ఎక్కే పిల్లలకి నమస్కారాలు పెట్టినట్టే అయ్యేది. ఉద్యోగం పోనందుకు ఇంకా ఎక్కువ పెట్టాలి.

మీకు చెప్పేదొకటే. కొండ మీద తాడు చూస్తే అక్కడెవరో చాదస్తపు మనిషి పొద్దున్నే రెండుసార్లు కర్రలు పాతి ఉంటాడు. మీకు తెలిసినవాడే వచ్చి తీస్తానన్నా వద్దనండి. ముఖ్యంగా తెలిసినవాడైతే.

మరుసటి ఏడు జాకెట్ తిరిగిచ్చారు. సీజన్ మొదటి రోజు పాట్రోల్‌లోకి కొత్తగా వచ్చినవాళ్ళు ఆరుగురు బెంచీల మీద కూర్చున్నారు. ఆ కథ వాళ్ళకి చెప్పమంది బాస్. నేను కథ చెప్పడం మీరు చూడాలి. పగులు అరచెయ్యి నుంచి మూరెడైంది. రెండు తాటిచెట్లు నాలుగయ్యాయి. పులిహోర తగాదా దగ్గర వాళ్ళు పడీపడీ నవ్వారు, నేను వేలాడేసరికి ఒకమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఊపు మీదున్నాను. నిలబడి, జాకెట్ సర్దుకుని, "అలా ఆ రోజు ఒక ప్రాణం కాపాడాను" అని ముగించాను. చప్పట్లు మొదలయ్యాయి.

బాస్ మూల కూర్చుని టీ తాగుతోంది. కప్పు కింద పెట్టింది.

"నువ్వు పోగొట్టినదాన్ని నువ్వే వెతికి తెచ్చావు" అంది. "దాన్ని కాపాడటం అనరు, సర్దుకోవడం అంటారు. లే, కర్రలు మొయ్యాలి."